ఏడో తీర్మానం

లోవరాజుకి నెల రోజులుగా ఒకటే బెంగ. అయ్యవారు వెళ్ళిపోతున్నారు. వెళ్ళేముందు దేశానికి నాలుగు మంచి మాటలు చెప్పి వెళ్ళండి మహాప్రభో అంటే ఊఁ అనరు, ఉహూఁ అనరు.

దేశమంటే మరీ పెద్దదేం కాదు. నది సముద్రంలో కలిసేచోట తొమ్మిది లంకలు. ఒకప్పుడు ఎగువనున్న రాజుగారి మనుషులు పడవలేసుకొచ్చి, పండినదాంట్లో సగం పట్టుకుపోయేవారు. గవరయ్య అనే బడిపంతులు, రేవు పక్క పాకలో పిల్లలచేత ఓనమాలు దిద్దించుకునే మనిషి, తొమ్మిది లంకల వాళ్ళనీ ఒక్క మాట మీదికి తెచ్చారు. రెండేళ్ళ పాటు ఆ పడవల్ని ఏ రేవులోనూ ఆగనివ్వలేదు. రాజుకి విసుగొచ్చింది. ఎవరి బతుకు వాళ్ళం బతుకుదాం అన్నాడు. అలా పుట్టింది లంకల దేశం, ఎనిమిదేళ్ళ కిందట.

అప్పట్నుంచీ ఆయనే పెద్ద. అయినా దొరగారనీ, ప్రభువులనీ ఎవరూ అనలేదు. అందరికీ అయ్యవారే. లోవరాజు ఆ పాకలో ఓనమాలు దిద్దినవాడే. ఇప్పుడు ముప్ఫయ్యేళ్ళవాడు, ఆయన దగ్గరే ఉండి రాతకోతలన్నీ చూస్తున్నాడు. సొంతవూరు పిట్టలంక. తొమ్మిదింటిలోకీ చిన్నది, సముద్రానికి దగ్గరది.

"ఎనిమిదేళ్ళు చాలు. ఆషాఢంలో దిగిపోతాను," అన్నారు అయ్యవారు ఒక ఉదయం, వేపపుల్ల నములుతూ.

లోవరాజు మొదట ఏడ్చాడు. తర్వాత తేరుకుని, తనకి చేతనైన పని మొదలుపెట్టాడు. వెళ్ళిపోయే పెద్ద దేశానికి ఏమేం చెప్పాలో తనే ఆలోచించి, ఇరవయ్యొక్క హితవులు తాటాకుల మీద రాశాడు. ఐకమత్యం మీద నాలుగు, దురాశ మీద మూడు, పరాయివాళ్ళ స్నేహం మీద రెండు, ఇలాగ. తీసుకెళ్ళి అయ్యవారి చేతిలో పెట్టాడు. ఆయన ఓపిగ్గా అన్నీ చదివారు.

"బాగున్నాయిరా. అన్నీ నువ్వే చెప్పేశావు, ఇంక నేనెందుకు?"

"అలాక్కాదండీ. మీ నోటమ్మట రావాలండి. మీరెళ్ళిపోతే ఈ తొమ్మిది లంకలూ తొమ్మిది దార్లు పడతాయండి. అది తలుచుకుంటే నాకు ముద్ద దిగట్లేదండి."

అయ్యవారు ఆకులు సర్ది తిరిగి అతని చేతికిచ్చారు. "సభలో చెప్తాలే," అన్నారు.

ఇక్కడ లంకల దేశపు సభ గురించి ఒక ముక్క చెప్పాలి. తొమ్మిది లంకల నుంచీ తలా పదిమంది వస్తారు. పెద్దలంక రేవులో పెద్ద తాటాకు పాక, ఆ పాక మధ్యలో పాత పడవ నుంచి ఊడదీసిన చెక్క ఒకటి. దాన్ని అడ్డుపలక అంటారు. మొదటి ఏడాది అయ్యవారు పెట్టిన నియమం అది. ఏ తీర్మానం వచ్చినా సరే, ఒకరు ఆ పలకెక్కి అడ్డు చెప్పాలి. అడ్డు చెప్పేవాడు లేని తీర్మానం చెల్లదు.

మొదట్లో అది నిజంగానే సాగింది. రేవుని అవతలి ఒడ్డుకి మారుద్దామన్నప్పుడు ఆదెమ్మ అనే చేపలమనిషి పొద్దుట గంజి తాగి పలకెక్కింది, పొద్దు గూకేదాకా దిగలేదు. రేవు మారలేదు. ఆవిడ మాటే సరైనదని ఆ మరుసటి వరదకి అందరికీ తెలిసింది.

కానీ మనుషులం కదా, దేన్నయినా కొన్నాళ్ళకి పండగ చేసేస్తాం. అడ్డుపలకెక్కడం గౌరవమైపోయింది. ఎక్కేవాడికి కొత్త పంచె, మెళ్ళో దండ. ఏ లంకకి ఎన్నిసార్లు వంతు వచ్చిందని పేచీలు. పెళ్ళిచూపుల్లో "మావాడు రెండుమాట్లు పలకెక్కేడండి" అని చెప్పుకోడాలు. వాదించడం పోయింది. పలకెక్కినవాడు "అడ్డం, అడ్డం, అడ్డం" అని ముమ్మారు అంటాడు, నవ్వుతూ దిగుతాడు, అందరూ చేతులెత్తుతారు. అక్కడితో తీర్మానం అయిపోతుంది. ఒకటి రెండుసార్లు అయ్యవారు "ఎందుకడ్డం?" అని అడిగారు. ఆయన వేళాకోళమాడుతున్నారనుకుని సభంతా గొల్లుమంది. ఆ తర్వాత ఆయన అడగడం మానేశారు.

ఆషాఢం వచ్చింది. నదిలోకి ఎర్రనీరు కూడా వచ్చి, వరద మట్టం చూసే రేవురాయి మీద మొదటి గీత తాకింది. ఎగువ కొండల్లో గట్టిగా కురుస్తోందని పడవలవాళ్ళు చెప్పారు. ఆ పూటే ఆఖరి సభ. పలకెక్కే గౌరవం లోవరాజుకిచ్చారు. గురువుగారి చివరి సభకి శిష్యుడే ఎక్కాలని పెద్దలంక పెద్ద భీమశంకరం పట్టుబట్టి మరీ ఇప్పించాడు. పిట్టలంక వాళ్ళు పడవలు కట్టుకుని వచ్చారు. ఆ పదిమందిలో లోవరాజు అక్క కనకరత్నం ఉంది. తమ్ముడి మెళ్ళో దండ చూసి కళ్ళొత్తుకుంది.

ఆరోజు పదకొండు తీర్మానాలు. అయ్యవారే ఒక్కొక్కటీ చదివారు. ఆయన గొంతు ఎప్పుడూ చదివే గొంతే. దాటుడు పడవలకి మోకులు మార్చడం. అడ్డం, అడ్డం, అడ్డం. చేతులు లేచాయి. కొబ్బరిపీచు తడిపే గుంటలు ఊరికి దూరంగా తవ్వుకోవడం. అడ్డం, అడ్డం, అడ్డం. చేతులు లేచాయి. లోవరాజు మనసు సగం అక్కడ లేదు. ఇవన్నీ అయ్యాక అయ్యవారు మాట్లాడతారు. ఒక్క అక్షరం పొల్లుపోకుండా రాసుకోవాలి. ఏ మాటతో మొదలుపెడతారో. తన ఇరవయ్యొక్కటిలో ఏదైనా వస్తుందేమో. ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది. పాక పైకప్పు కొత్త తాటాకుతో నేయించడం పదకొండోది. దానికీ అడ్డం అన్నాడు, నవ్వుతూ దిగాడు, అయ్యవారి చేతిలోంచి తీర్మానాల ఆకులు అందుకుని అలవాటుగా ఒక్కోదాని కింద గుర్తు వేశాడు.

అయ్యవారు ఎనిమిదేళ్ళుగా చేతబట్టిన వెదురుకర్రని సభ మధ్యలో నేలమీద పెట్టారు. కొత్త పెద్దని అమావాస్య వెళ్ళాక ఎన్నుకుంటారు. అందాకా సభదే మాట. చాలామంది ఏడుస్తున్నారు.

లోవరాజు గంటం పట్టుకుని ముందుకొచ్చి కూర్చున్నాడు. "అయ్యవారూ, వెళ్ళేముందు మాకేమన్నా చెప్పండి."

"చెప్పేశాను."

"ఎప్పుడండీ?"

"నీ చేతిలోనే ఉంది. ఏడోది చదువు. పైకి."

లోవరాజు తాటాకులు తిరగేశాడు. ఏడో ఆకు పైకి తీశాడు. అందరికీ వినబడేలా గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"ఈ వరదకి రేవురాయి మీద నీరు మూడో గీత చేరిన పక్షంలో, పిట్టలంక తూర్పుగట్టుకి గండి కొట్టి, వరదని అటు..."

అక్కడ ఆగిపోయాడు.

అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి. తన చేతిరాతే. పొద్దున్న అయ్యవారు చెబుతుంటే తనే రాశాడు, వరసలో ఒకటిగా. మిగతా సగం లోపలే చదువుకున్నాడు. వరదని అటు మళ్ళించి, మిగిలిన ఎనిమిది లంకలనూ కాపాడుకోవలెను. కింద గుర్తు వేసి ఉంది: అడ్డు చెప్పబడినది, సభ ఒప్పినది.

అడ్డు చెప్పబడినది. చెప్పింది తనే. ముమ్మారు. నవ్వుతూ.

గండి కొడితే పిట్టలంకలో నిలువెత్తు నీరు. అందులో ఆరువందల గడప. తన అమ్మ, మంచం దిగలేని మనిషి, ఆ గట్టుకి నూరు బారల దూరంలో ఉంది. తలెత్తి అక్క వైపు చూశాడు. కనకరత్నం తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, దాని వంకే చూసుకుంటోంది. ఆ చెయ్యి కూడా ఇందాక లేచింది. పిట్టలంక వాళ్ళవి పది చేతులూ లేచాయి.

తొంభైమంది నోళ్ళు తెరుచుకుని అలాగే ఉండిపోయారు.

ముందు తేరుకున్నవాడు భీమశంకరం. అతనన్న మాటంత భయం అప్పటిదాకా లోవరాజుకి ఏ మాటా కలిగించలేదు. "అయ్యోరు ఊరికే అనరండి. ఇందులో మనకి తెలీని లోతేదో ఉండుంటది."

"ఆయ్, ఉంటదండి," అన్నారు నలుగురైదుగురు. పిట్టలంక పెద్దాయన ఒకాయన లేచి, చేతులు కట్టుకుని, "అయ్యోరి మాటైతే మేం కాదనమండి. సామాన్లు సర్దుకోడానికి రెండ్రోజులు గడువిస్తే..." అన్నాడు.

లోవరాజు అయ్యవారి కాళ్ళమీద పడ్డాడు. "రద్దు చెయ్యండి. మీరొక్క మాటనండి, చాలు."

"కర్ర కింద పెట్టేశాను కదరా. నాకిక్కడ మాటేముంది? సభ ఒప్పింది, సభే చూసుకోవాలి." కాళ్ళు మెల్లిగా విడిపించుకుని, అయ్యవారు రేవు మెట్ల వైపు నడిచారు. అక్కడ ఆయన పడవ సిద్ధంగా ఉంది.

మెట్ల దగ్గర నుంచి ఎవరో కేకేశారు, రేవురాయి మీద నీరు రెండో గీత దాటిందని.

తర్వాత ఏం జరిగిందో లోవరాజుకి సరిగ్గా గుర్తులేదు. తను మళ్ళీ ఆ పలక మీద ఉన్నాడు. మెళ్ళో దండ లేదు, ఎప్పుడు తెంపేశాడో తెలీదు. ఎదురుగా తొంభైమంది. తను ఏ మాట అనాలో తెలుసు. అది నోట్లోంచి బయటికి రావడం లేదు. పదేళ్ళ వయసు నుంచీ అయ్యవారు అన్నం పెట్టారు, అక్షరం పెట్టారు, దేశాన్ని పెట్టారు.

"అయ్యవారు చెప్పింది తప్పు," అన్నాడు.

పాకలో ఎవరో చెంప పగలగొట్టినట్టయింది. ఎనిమిదేళ్ళలో ఆ మాట ఆ పాకలో ఎవరూ అనలేదు. ఒకడు "నోర్ముయ్" అన్నాడు. ఇంకొకడు మీదికే వచ్చాడు. భీమశంకరం తలమీద చేతులేసుకుని, "గురువుని పట్టుకుని ఎంతమాట అనేసేవురా, కళ్ళు పోతాయి," అన్నాడు.

మెట్ల మీద అయ్యవారు ఆగి, ఇటు తిరిగారు. "ఎందుకు తప్పు?" అన్నారు.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

లోవరాజు నోరు తెరిచాడు. అడ్డం అనడం వచ్చు గానీ ఎందుకో చెప్పడం ఎవరికి అలవాటుంది? తడుముకున్నాడు. "ఎందుకంటే... పిట్టలంకని ఎవరూ అడగలేదండి. రాజుగారి మనుషులు చేసింది ఇదే కదండి. ఎక్కడో కూర్చుని రాసేవారు, ఇక్కడ మనం మునిగేవాళ్ళం." ఊపిరి తీసుకున్నాడు. "ఇంకోటండి. తూర్పుగట్టు ఒక్కసారి తెగితే పాయ అటు తిరిగిపోద్ది. ఇవాళ పిట్టలంక, వచ్చే ఏడు దాని పక్క లంక. ఎంతమందిని ఇస్తాం నదికి?"

సభలో కొందరు నేలచూపులు చూశారు. కొందరు తలలూపారు. గోగులంక వరసలో నుంచి ఒక మనిషి లేచాడు. దాలయ్య అని, నాటుపడవలు కట్టే మనిషి. ఎక్కువగా మాట్లాడడు.

"మీరందరూ వినలేదు. నేను విన్నాను," అన్నాడు. "ఏడోది చదువుతుంటే ప్రతి ముక్కా విన్నాను. వినే చెయ్యెత్తేను."

లోవరాజు ఏడో ఆకు చదివినప్పటికంటే ఇప్పుడు ఎక్కువ అదిరిపడ్డాడు. విననివాళ్ళ సంగతి ఒకటి. విని చెయ్యెత్తినవాడు ఎదురుగా నిలబడి, కళ్ళలోకి చూస్తూ చెబుతుంటే ఇంకొకటి.

"ముందటేడు వరదకి మా గట్టు తెగింది. తొమ్మండుగురు పోయేరు. మా ఆడది, మా పెద్దపిల్ల అందులో ఉన్నారు. అంతకు రెండ్నెల్ల ముందు ఈ సభలోనే, గోగులంక గట్టు పని కోతలయ్యాక చూద్దామని తీర్మానం చేసేరు. గుర్తుందా ఎవరికన్నా?" అని చుట్టూ చూశాడు. "ఆరోజు పలకెక్కిందెవరో గుర్తుందా?"

ఎవరికీ గుర్తులేదు.

"నేనే," అన్నాడు దాలయ్య. "కొత్త పంచె కట్టుకుని, ఇదిగో ఈడిలాగే మూడుమాట్లు అడ్డం అన్నాను. మా ఆడది ఆ మూల కూచుని నవ్వింది. మా కోసం అప్పుడు ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఈసారి మునిగేది మేం కాకూడదు, అంతే."

అతను కూర్చున్నాడు. కనకరత్నం లేచి ఏదో అనబోయి, అనలేక, ఏడ్చేసింది. ఆ ఏడుపు ఎవరి కోసమో ఆమెకే తెలియాలి.

అక్కడ నుంచి వాదన మొదలైంది. అది వాదనా, తగువా అంటే చెప్పలేం. కండువాలు నేలకేసి కొట్టారు. ఎనిమిదేళ్ళ కిందటివన్నీ బయటికొచ్చాయి. ఎవరి రేవుని ఎవరు పూడ్చారు, ఎవరి గట్టుకి మట్టి ఎవరు మొయ్యలేదు. ఆదెమ్మ ముసలిదైపోయింది, అయినా కర్ర పట్టుకుని పలకెక్కింది. రెండు రోజుల్లో తొమ్మిది లంకల జనం మట్టిమోస్తే తూర్పుగట్టూ గోగులంక గట్టూ మోకాలెత్తు లేస్తాయని, ఈలోగా పిట్టలంక పిల్లల్నీ ముసలివాళ్ళనీ పెద్దలంకకి దాటించొచ్చని లెక్కచెప్పింది. మట్టి ఎక్కడ నుంచి తెస్తారని దాలయ్య అడిగాడు. దానికి గంటసేపు పట్టింది. పొద్దు వాలేవేళకి మళ్ళీ చేతులెత్తారు, ఈసారి ఒకరి మొహాలొకరు చూసుకుంటూ.

ఏడో తీర్మానం వీగిపోయింది. కానీ మూడు లంకల వాళ్ళు, గోగులంకతో సహా, గండి కొట్టాల్సిందేనని చేతులు దించలేదు.

లోవరాజు రేవు మెట్లు దిగాడు. అయ్యవారు పడవలో కూర్చుని ఉన్నారు. ఇంతసేపూ అక్కడే ఉన్నారు, ఆ ఒక్క ప్రశ్న తప్ప ఎక్కడా కల్పించుకోకుండా. పడవలో ఒక చాప, ఒక కుండ, పంచెల మూట.

"ఎవరూ నోరెత్తకపోతే ఏం చేసేవారండి?" అన్నాడు లోవరాజు. గొంతులో కోపం ఉంది, దాచుకోలేదు. "నిజంగా గండి పడేది కదండీ."

పడవ నడిపే సరంగే అందుకున్నాడు. "అయ్యోర్ని పిట్టలంక తీసుకెళ్తన్నానండి. తూర్పుగట్టు కింద పాక చూసుకున్నారు. ఇంక అక్కడే ఉంటారంట."

లోవరాజు మెట్టు మీదే కూలబడ్డాడు. ఆయన ఎగువకి, ఏ కొండల్లోకో వెళ్ళిపోతారని అందరూ అనుకున్నారు. తనూ అనుకున్నాడు.

"ముందే చెప్పుంటే..."

"చెప్పుంటే నా కోసం చేతులు దించేవారు," అన్నారు అయ్యవారు.

ఎర్రనీరు పడవకి తగులుతూ పోతోంది.

"మూడు లంకల వాళ్ళు ఇంకా చేతులు దించలేదండి," అన్నాడు లోవరాజు చివరికి. ఏడుపొచ్చేస్తోంది. "ఎనిమిదేళ్ళూ ఒక్క మాట మీద ఉన్నాం అనుకున్నాను. ఇవాళ చూస్తే ఇదండీ దేశం. మీరెళ్ళిపోతున్నారు. వాళ్ళని ఏం చెయ్యమంటారు?"

"ఎనిమిదేళ్ళకి ఇవాళ నిజం చెప్పారురా వాళ్ళు," అన్నారు అయ్యవారు. "వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చో."

పడవ ఎప్పుడు కదిలిందో లోవరాజు చూడలేదు. అప్పటికి అతను పాకలో, దాలయ్య చాప మీద కాస్త చోటిస్తే, ఆయన పక్కన సర్దుకుని కూర్చుంటున్నాడు.